గడ్డికీ ఆకాశానికీ ఒకే మాట

ఉజ్గెన్‌లో పెళ్లి జరిగితే, రావలసినవాళ్లలో సగం మంది ఊళ్లో ఉండరు. పెళ్లికూతురి అన్న మాస్కోలో ఇటుకలు మోస్తుంటాడు. బాబాయి సైబీరియాలో ఎక్కడో లారీ తోలుతుంటాడు. మేనత్త ఎవరింట్లోనో మంచంపట్టిన ముసలమ్మకు అన్నం తినిపిస్తుంటుంది. రాలేరు సరే, మరి పెళ్లి వీడియోలో వాళ్లు లేకపోతే చుట్టాల్లో తలెత్తుకోవడం ఎలా? ఈ పరువు తిప్పలే బురుల్‌కు నాలుగు మెతుకులు పెడుతున్నాయి.

బజారులో సెల్‌ఫోన్ దుకాణాల పైన రజాక్ స్టూడియో ఉంది. రజాక్ కెమెరా పట్టుకుని పెళ్లిళ్లు తిరుగుతాడు, తిన్నంత తిని వస్తాడు. అసలు పని కంప్యూటర్ ముందు కూర్చున్న బురుల్‌ది. దూరాన ఉన్నవాళ్లు ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుని పంపిస్తారు. బురుల్ ఆ పచ్చరంగును చూపించి కంప్యూటర్‌కు ఇది వద్దు అని చెబుతుంది. పచ్చదంతా మాయమై మనిషి ఒక్కడే మిగులుతాడు. ఇక పొరలు పేర్చడమే. అడుగున పెళ్లి హాలు, దాని మీద మనిషి, మనిషి మీద రాలే పూరేకులు, అన్నిటికన్నా పైన రెండు తెల్ల పావురాలు. పావురాలు ఎగరకపోతే ఈ ఊరివాళ్లకు పెళ్లి అయినట్టే అనిపించదు. బురుల్‌కు ఆ పావురాలంటే ఒళ్లుమంట. అయినా ఎగరేస్తుంది.

ఆమె పనికి వంక పెట్టగలిగినవాళ్లు లేరు. జుట్టు అంచున పచ్చదనం కాస్త అంటుకుని ఉన్నా ఆమెకు అన్నం సహించదు. పెళ్లి చేసుకుని వెళ్లి, అత్తగారితో పడక తిరిగొచ్చిన మనిషి. తల్లి పోయాక చెల్లెలు జిపార్‌ను తనే పెంచింది. ఊళ్లోవాళ్లు చాటుగా ఆమెను క్యోక్ బెత్ అంటారు. అంటే నీలిమొహం. పట్టిన పట్టు వదలని ఆడదానికి అక్కడ పెట్టే పేరది. అదే మగవాడైతే గట్టివాడంటారు.

జిపార్‌కు ఎసెన్‌తో సంబంధం కుదిరినప్పుడు బురుల్ ఎదురుచెప్పలేదు. పిల్లవాడు నెమ్మది. చదువుకునే రోజుల్నుంచీ జిపార్ వెంట తిరిగినవాడే. రష్యాలో మేడలు కట్టే చోట పనిచేస్తున్నాడు. చిక్కల్లా ఒకటే. అతని కాగితాల గడువు దాటిపోయింది. ఇప్పుడు సరిహద్దు దాటి ఇంటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరు. పెళ్లి వాయిదా వేద్దామంటే ఎసెన్ తల్లి తుర్సునయ్ ససేమిరా అంది. చలికాలం వచ్చేలోపు కోడలు ఇంటికి రావాలి, తన మోకాళ్లు ఇక పనిచేయవు, అంతే. నిఖా ఫోన్‌లో చదివిద్దాం, వీడియోలో మాత్రం పిల్లవాడు పిల్ల పక్కనే నిలబడి ఉండాలి అంది.

"నీ చేతిలో విద్య ఉంది కదమ్మా బురుల్, వేరేవాళ్ల కొడుకుల్ని దింపుతావు, నీ మరిదిని దింపలేవా?" అని గడ్డం పట్టుకుంది.

"దింపుతాలే అత్తా. విమానం టిక్కెట్టు కూడా అక్కర్లేదు," అంది బురుల్.

ఇక్కడే ఒక చిన్న పొరపాటు జరిగింది. బయటివాళ్లు వింటే నవ్వుతారు. దుకాణంలో గిరాకీలకు చెప్పేటప్పుడు బురుల్ రంగుల పేర్లు రష్యన్‌లోనే చెబుతుంది, అందరికీ అదే అలవాటు. కానీ చెల్లెలికి వాయిస్ మెసేజ్ పెట్టేటప్పుడు ఇంటి మాటే నోట్లోకి వచ్చింది. "ఎసెన్‌ను ఒక క్యోక్ గుడ్డ ముందు నిలబడమను. ఒంటి మీద మాత్రం క్యోక్ ఏదీ లేకుండా చూసుకోమను," అంది. వాళ్ల భాషలో గడ్డి క్యోక్, ఆకాశమూ క్యోకే. ఆకుపచ్చకూ నీలానికీ కలిపి ముత్తాతలు ఒక్క మాటే ఇచ్చిపోయారు. గొర్రెలు కాసుకునేవాళ్లకు అంతకు మించి అవసరం రాలేదేమో.

ఎసెన్ వీడియో పంపాడు. మొదటి క్యోక్‌ను నీలం అనుకున్నాడు. సిమెంటు బస్తాల మీద కప్పే నీలం పట్టాను గోడకు కట్టాడు. రెండో క్యోక్‌ను ఆకుపచ్చ అనుకున్నాడు. ఒంటి మీద ఆకుపచ్చ లేకుండా చూసుకోవాలని, ఉతికి ఇస్త్రీ చేసిన తన నీలం పని దుస్తులు వేసుకుని నిలబడ్డాడు. తల మీద తెల్లటి కల్పాక్ టోపీ, ముఖం నిండా నవ్వు. బురుల్ నీలం తీసేయగానే పట్టాతోపాటు ఒళ్లంతా పోయింది. ఒక టోపీ, ఒక తల, రెండు చేతులు మాత్రం మిగిలి పెళ్లి హాలు మధ్యలో తేలుతూ సలాం చేశాయి.

రజాక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుందమ్మా! అల్లుడంటే ఇలా ఉండాలి. కడుపే లేదు, తిండి ఖర్చు ఉండదు."

జిపార్ కూడా నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. "ఇలాగే ఉంచెయ్ అక్కా. పారిపోకుండా కాళ్లు కూడా లేవు."

"నోర్ముయ్యవే. మళ్లీ తీసి పంపమను. గడ్డి క్యోక్ అని చెప్పు. గడ్డి! గొర్రె తినేది! పట్టా కాదు, మంచి గుడ్డ కొనుక్కోమను," అని బురుల్ కసిరింది. నిజానికి ఓపిక చేసుకుంటే ఆ మొదటి వీడియోనే ఎలాగోలా సరిచేయగలిగేది. బొమ్మ బొమ్మకూ దుస్తుల అంచు చేత్తో గీసుకుంటూ పోవాలి, వారం పడుతుంది. సొంత చెల్లెలి పెళ్లి వీడియో అతుకులబొంతలా ఉండకూడదనుకుంది. గీయకుండా మళ్లీ పంపమంది.

రెండో వీడియో రావడానికి చాలా రోజులు పట్టింది. అడిగినప్పుడల్లా జిపార్, "పనిలో తీరిక లేదట," అనేది. తల ఎత్తకుండా అనేది. పెళ్లి దగ్గర పడుతున్న పిల్ల, బెంగ ఉండదా అనుకుంది బురుల్.

చివరికి ఒక మధ్యాహ్నం వీడియో వచ్చింది. బురుల్ తెరిచి చూసి విసుక్కుంది. గడ్డిరంగు అంటే ఇదా? కుళ్లిన గడ్డి రంగు. ముతక గుడ్డ, మధ్యలో ఇనుప కన్నాలు, వాటిలోంచి తాడు. ఎసెన్ ఎవరిదో పెద్ద సైజు నల్లకోటు వేసుకున్నాడు, భుజాలు జారిపోతున్నాయి. టోపీ మాత్రం అదే తెల్ల కల్పాక్. చిక్కిపోయాడు. అమ్మకు సలాం చెప్పాడు, చుట్టాలందరికీ సలాం చెప్పాడు, కాసేపు ఊరికే కెమెరా వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, వీడియోకు కావాలని వీళ్లు అడిగినట్టే, ముల్లాకు జవాబిస్తున్నట్టు, "సమ్మతమే," అన్నాడు. ఆఖర్న, "వదినా, ఈసారి రంగు సరిగ్గా కుదిరిందా?" అని నవ్వబోయి ఆగిపోయాడు.

కుదరలేదు. ఆ మట్టిపచ్చ అంత తేలిగ్గా వదిలే రంగు కాదు. బురుల్ ఒకసారి తీసి చూసింది, గుడ్డ మచ్చలు మచ్చలుగా మిగిలిపోయింది. ఆ రంగుకు అటూ ఇటూ ఉన్న రంగుల్ని కూడా కలుపుకుంటూ తీసివేతను కొంచెం కొంచెంగా పెంచింది. గుడ్డ పోయింది. కన్నాలు పోయాయి. దానితోపాటు ఎసెన్ మెడ కింద, కోటు సందులోంచి కనిపించే లోచొక్కా కూడా పోయింది. అక్కడ ఖాళీ. ఆ ఖాళీలోంచి అడుగు పొరలోని పెళ్లి హాలు దీపాలు కనిపిస్తున్నాయి. దీపాలకు అడ్డంగా ఒక సన్నటి గొలుసు, దానికి ఒక రేకుబిళ్ల, ఏ ఆధారమూ లేకుండా గాల్లో వేలాడుతున్నాయి.

బురుల్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. పని మళ్లీ మొదటికి తిప్పి, పెద్దది చేసి చూసింది. లోచొక్కా రంగూ గుడ్డ రంగూ ఒకటే. రెండూ ఒకే చోటినుంచి వచ్చినవి. అది గుడ్డ కాదు, సిపాయిల డేరా. ఆ బిళ్ల ఏమిటో ఉజ్గెన్‌లో ఇప్పుడు చంటిపిల్లలకు కూడా తెలుసు. కిందటేడు పక్క వీధికి రష్యా యుద్ధం నుంచి ఒక శవపెట్టె వచ్చినప్పుడు, మూత తెరవనివ్వకుండా, ఇంటివాళ్ల చేతిలో పెట్టింది అలాంటి బిళ్లనే.

"రజాక్ అన్నా," అంది బురుల్. రజాక్ కింద టీకొట్టులో ఉన్నాడు, అదీ మంచిదే అయింది. ఆమె కంప్యూటర్ ఆపేసి, షాల్ కప్పుకుని, తిన్నగా తుర్సునయ్ ఇంటికి నడిచింది. నడుస్తున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే మాట. ఈ పెళ్లి ఆపాలి. జిపార్ ఆ ఇంట్లో కాలుపెట్టకముందే ఆపాలి. ఒకసారి ముసుగు వేసుకుని ఆ గడప దాటిందంటే, అతను రాకపోయినా, అతని పెట్టె వచ్చినా, ఆ పిల్ల బతుకు ఆ గడపకే కట్టేసి ఉంటుంది.

తుర్సునయ్ పెరట్లో పరుపులకు కొత్త గలీబులు కుడుతోంది. కోడలి కోసం. బురుల్‌ను చూసి ముఖం విప్పారింది. పరుపు వేసింది, రొట్టె విరిచి ముందు పెట్టింది, టీ గిన్నెలో మర్యాదగా సగమే పోసి ఇచ్చింది.

"వీడియో వచ్చిందటగా! ఎలా ఉన్నాడు నా బిడ్డ?"

"ఉన్నాడు. మెడలో బిళ్ల వేసుకుని ఉన్నాడు."

తుర్సునయ్ సూది ఆగింది. ఏ బిళ్ల అని అడగలేదు. అడగకపోవడంతోనే బురుల్‌కు అర్థమైపోయింది.

"నీకు తెలుసు. తెలిసి మా ఇంటి పిల్లను అడుగుతున్నావు. సిగ్గు లేదూ?"

"నెమ్మదిగా అమ్మా, నెమ్మదిగా. గోడకవతల మనుషులున్నారు. ఇక్కడి సర్కారుకు తెలిస్తే, వాడు తిరిగొచ్చాక వీళ్లు లోపలేస్తారు. పరాయి దేశం తరఫున తుపాకీ పట్టాడని."

"తిరిగొస్తే కదా!"

"నోటికి హద్దుండాలి బురుల్!" ముసలామె గోడవైపు చూసి గొంతు తగ్గించింది. "వాడు వంటవాడిగా ఉన్నాడు. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నానమ్మా, ఏడాదేనమ్మా అన్నాడు. జిపార్‌కు చెప్పొద్దన్నాడు. నేనూ చెప్పలేదు. ఆ పిల్లకు తెలిస్తే రానంటుంది. వాడికి ఉన్న ఆశ అదొక్కటే, ఇంట్లో పెళ్లాం ఉందని. నువ్వా ఆశ తుంచేస్తావా?"

"వాడి ఆశకు నా చెల్లెలు కావాలా? రేపే చెప్తాను దానికి. నేనే చెప్తాను."

తుర్సునయ్ బురుల్ చేతిలోని గిన్నె తీసుకుని, టీ అంచుదాకా నిండుగా పోసి, ముందు పెట్టింది. ఆ ఊళ్లో అతిథిని లేచి వెళ్లిపొమ్మనడానికి నోరు చేసుకోవలసిన పని లేదు, గిన్నె నింపితే చాలు. బురుల్ ఆ టీ ముట్టకుండా లేచింది.

మర్నాడు స్టూడియోలో జిపార్ వంతు వీడియో తీయాలి. రజాక్ ఏదో విందుకు పోయాడు. అక్కాచెల్లెళ్లిద్దరే ఉన్నారు. జిపార్ పెళ్లి గౌనులో, గ్రీన్ మ్యాట్ ముందు నిలబడింది. పెళ్లికొడుకు చెయ్యి పట్టుకున్నట్టు, అతని కళ్లలోకి చూస్తున్నట్టు తీయాలి. గాల్లో చెయ్యి పెడితే అబద్ధంలా కనిపిస్తుంది, ఎవరో ఒకరు నిజంగా పట్టుకోవాలి. అందుకని బురుల్ తల నుంచి కాళ్లదాకా ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని, చేతికి ఆకుపచ్చ తొడుగు వేసుకుని, ఎసెన్ నిలబడవలసిన చోట నిలబడింది. తర్వాత ఆమెను మొత్తంగా తీసేసి ఆ చోట ఎసెన్‌ను పెట్టాలి. ముఖం దగ్గర గుడ్డకు చిన్న చీలిక ఉంది, చూడ్డానికి.

"ఎక్కడ చూడాలి?" అంది జిపార్.

"నా కళ్ల దగ్గర. అతను నాకన్నా ఒక బెత్తెడు పొడుగు, కాస్త గడ్డం ఎత్తు."

"దెయ్యంలా ఉన్నావు."

"ఉంటాలే. చెయ్యి ఇవ్వు."

కెమెరా తిరుగుతోంది. జిపార్ చెయ్యి చల్లగా ఉంది. బురుల్ రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"జిపార్, ఎసెన్ మేడలు కట్టేచోట లేడు."

జిపార్ చూపు కదల్లేదు. "తెలుసు."

"తెలుసా? ఏం తెలుసు?"

"సైన్యంలో చేరాడు. సంతకం పెట్టాడు. మా అత్తకు చెప్పొద్దన్నాడు, ఆమె గుండె ఆగిపోతుందట. నేనెవరికీ చెప్పలేదు."

బురుల్‌కు ఒక్క క్షణం నవ్వొచ్చింది. అత్త కోడలికి దాస్తోంది, కోడలు అత్తకు దాస్తోంది. మధ్యలో వీడు ఇద్దరికీ చెప్పి ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు.

"తెలిసి ఎలా ఒప్పుకున్నావే? నీకేం కర్మ? ఈ పెళ్లి జరగదు. నేను ఆపుతాను, నేనే పోయి అందరిముందూ..."

"ఆపు అక్కా. ముందు ఇది విను." జిపార్ వేళ్లు తొడుగును గట్టిగా బిగించాయి. "గడ్డి క్యోక్ కావాలన్నావు కదా. పట్టా కాదు, మంచి గుడ్డ కొనుక్కోమన్నావు కదా. వాడు సైటు దాటి బయటికి పోయేవాడు కాదు, కాగితాలు లేవని. నీ గుడ్డ కోసం ఆదివారం బజారుకెళ్లాడు. ఆకుపచ్చ గుడ్డ కొని చేతిలో పట్టుకుని ఉండగా బజారు రెండువైపులా మూసేసి పట్టుకున్నారు. మనవాళ్లనందర్నీ ఒక బస్సులో పడేశారు. జైలుకు పోతావా, సంతకం పెడతావా అన్నారు."

గుడ్డ చీలికలోంచి బురుల్ కెమెరా వైపు చూసింది, అది ఇంకా తిరుగుతోంది.

"ఒక ఫోన్ చేసుకోనిచ్చారు. నాకే చేశాడు. ఏం చెయ్యమంటావు జిపార్ అని అడిగాడు. జైలంటే పెళ్లి లేదు, ఏళ్ల తరబడి ఇటూ అటూ కాకుండా పోతాడు. సంతకమైతే ఏడాదే అన్నారట. ఆ బస్సు శబ్దంలో నాకు సరిగ్గా వినపడలేదు కూడా. పెట్టెయ్ అన్నాను."

"జిపార్..."

"నేనే అక్కా. నేనే పెట్టమన్నాను. ఎందుకో తెలుసా? మధ్యలో తెగిపోయిన పెళ్లి ఒకటి మనింట్లో ఉంది కదా, దాన్ని రోజూ చూస్తూ పెరిగాను కదా. ఇంకోటి వద్దనుకున్నాను. నీలాగా ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు అతికించడం నావల్ల కాదనుకున్నాను. ఇప్పుడు వాడికి ఉంటానన్న మాట కూడా తప్పమంటావా? నువ్వు వాడిని బజారుకు పంపావు, నేను వాడిని అక్కడికి పంపాను. ఇప్పుడు ఇద్దరం పెళ్లి ఆపి చేతులు దులుపుకుందామా?"

ఆ పిల్ల కళ్లు నిండిపోయాయి, కానీ గడ్డం దించలేదు. అక్క చెప్పినట్టే, అతను ఉండవలసిన ఎత్తులోకే చూస్తోంది. బురుల్ గుడ్డ కింద ఏడ్చింది. గొంతు బయటికి రాకుండా ఏడ్చింది. చెయ్యి మాత్రం కదపలేదు, కదిపితే మళ్లీ తీయాలి.

ఆ తర్వాత ఆమె పెళ్లి ఆపే మాట ఎత్తలేదు. ఏ ముఖం పెట్టుకుని ఎత్తుతుంది? కూర్చుని పని చేసింది. తన చేతిని తీసేసింది, తన ఎత్తునూ తీసేసింది, ఆ చోట ఎసెన్‌ను పెట్టింది. అతని మెడ దగ్గర తెల్లచొక్కా కాలరు ఒకటి చేత్తో గీసి పైన వేసింది. గొలుసు కాలరు కిందికి పోయింది. బొమ్మ బొమ్మకూ గీసుకుంటూ పోయింది. మొదటి వీడియోకు బద్ధకించిన పనే ఇప్పుడు చేసింది. తుర్సునయ్ వచ్చి చూసి, "దొరబాబులా ఉన్నాడు," అని కంప్యూటర్ తెరను తలగుడ్డ కొంగుతో తుడిచింది.

పెళ్లి దగ్గరపడ్డాక ఎసెన్ ఫోన్ కలవడం మానేసింది. ముందు ఎప్పుడో ఒకసారి కలిసేది, నాలుగు మాటలు మాట్లాడి కట్ అయ్యేది. తర్వాత అదీ లేదు. సిగ్నల్ ఉండని చోటికి మార్చి ఉంటారని జిపార్ అంది. అంతేలే అని తుర్సునయ్ అంది. బురుల్ నోటివల్ల ఇప్పుడు ఒకరికి తెలుసని ఒకరికి తెలుసు. అయినా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే మాట్లాడుకునేవారు.

పెళ్లినాడు తుర్సునయ్ ఇల్లు జనంతో కిటకిటలాడింది. పెరట్లో పెద్ద మూకుడులో పలావు ఉడుకుతోంది. లోపలి గదిలో ఒక మూల పూలతెర కట్టి, దాని వెనక జిపార్‌ను కూర్చోబెట్టారు. ముల్లా వచ్చి పరుపు మీద కూర్చున్నాడు. మంచి మనిషి, కాస్త చెవుడు. గిన్నెలో నీళ్లు ముందు పెట్టుకుని, "పిల్లవాడికి కలపండి," అన్నాడు.

కలిపారు. మోగలేదు. మళ్లీ కలిపారు. గదిలో ఆడవాళ్లు ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకున్నారు. ముల్లా ఓపిగ్గా కూర్చున్నాడు.

"వాడి బదులు సమ్మతం చెప్పే వకీలుగా మేనమామను పెట్టేస్తే సరిపోదా ముల్లాగారూ?" అని ఎవరో మగాయన అన్నాడు.

"సరిపోతుంది నాయనా. కానీ పెట్టుకున్నానని ముందు వాడు అనాలి కదా. వాడి నోటి మాట వినకుండా నేను ఎవరికి చదవను నిఖా?"

తుర్సునయ్ చెమటలు కక్కుతూ జనంలోంచి దారి చేసుకుని బురుల్ దగ్గరకు వచ్చింది. సాయంత్రం హాల్లో వేయడానికి తెచ్చిన లాప్‌టాప్ బురుల్ ఒళ్లో ఉంది.

"అందులో అన్నాడుగా బురుల్. సమ్మతమే అన్నాడుగా. అది వెయ్యమ్మా. ఫోన్ కలిసినట్టే."

"నిఖా అత్తా ఇది. సినిమా కాదు."

"అన్నది వాడే కదా! వేరేవాడా? నా కొడుకే కదా అన్నది!" ముసలామె గుసగుస ఏడుపులోకి జారింది. "జనం లేచిపోతారు. అశుభం అంటారు. వాడు... వాడు బాగానే ఉన్నాడమ్మా. లైను కలవలేదు, అంతే."

బురుల్ పూలతెర దగ్గరకు వెళ్లి చెవి ఆనించింది. ఒక్క మాట వద్దను జిపార్, ఒక్క మాట, ఈ లాప్‌టాప్ నేలకేసి కొట్టి నిన్ను ఇంటికి తీసుకుపోతాను అని మనసులో బతిమాలుకుంది. "మీ అత్త వీడియో వెయ్యమంటోంది. ఏం చెయ్యమంటావు?" అని పైకి అడిగింది.

"వెయ్," అంది జిపార్.

బురుల్ గోడవారగా కూర్చుని పొరలు ఒక్కొక్కటే ఆపేసింది. పావురాలు పోయాయి. పూరేకులు పోయాయి. జిపార్‌ను కూడా ఆపింది. పెళ్లి హాలు తీసేసి, ఆ చోట వేరే గిరాకీ ఎవరో ఎప్పుడో పంపిన హాస్టల్ గది గోడ పెట్టింది. గోడ ముందు ఎసెన్ ఒక్కడే మిగిలాడు, గీసిన తెల్ల కాలరుతో. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో ఆమెకు కంఠతా వచ్చు. లాప్‌టాప్ ఎత్తి ముల్లా ముందు పెట్టి, "కలిసింది," అంది.

ఎసెన్ సలాం చెప్పాడు. గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ముల్లా ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడుతోందా బాబూ? ఫలానా వారి కూతురు జిపార్‌ను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని గట్టిగా అడిగాడు. ఎసెన్ కెమెరా వైపు చూస్తూ నిలబడ్డాడు. వీడియో తీసుకున్నప్పుడు ఊరికే నిలబడిన ఆ కాసేపే అది. ఆలోచిస్తున్నాడేమో అన్నట్టు ఉంది. బురుల్ వేలు కదిలింది.

"సమ్మతమే," అన్నాడు ఎసెన్.

వదినా అనబోయేలోపు ఆమె మూత మూసేసింది. "కట్ అయింది," అంది. తెర వైపు తిరిగి ముల్లా జిపార్‌ను అడిగాడు, ఆమె కూడా సమ్మతమే అంది. ముల్లా చదివాడు. గిన్నెలో నీళ్లు అందరి పెదాలకూ తాకాయి. అందరూ చేతులు పైకెత్తి, ముఖాల మీదుగా దించుకున్నారు. ముసలి ఆడవాళ్లు పిల్లవాడు చిక్కిపోయాడని కళ్లు ఒత్తుకున్నారు. పరదేశంలో ఉన్నా ఎంత స్పష్టంగా అన్నాడో చూశావా అనుకున్నారు. తుర్సునయ్ లోపలికి పోయి తెల్ల ముసుగు తెచ్చి, తెర ఎత్తి, జిపార్ తలమీద కప్పింది. జిపార్ ఇక ఆ ఇంటిది.

జనం పలావు కోసం పెరట్లోకి కదిలారు. గది ఖాళీ అయ్యేదాకా బురుల్ లాప్‌టాప్ పట్టుకుని అక్కడే నిలబడింది. జిపార్ ముసుగు సర్దుకుంటూ తెరలోంచి చెయ్యి బయటికి చాపింది. బురుల్ ఆ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ మాట అన్నప్పుడు బతికే ఉన్నాడు కదా?"

"అన్నప్పుడు ఉన్నాడు," అంది బురుల్.